తెల్లమట్టి రేవు

"మెంబరైపోతే గోడలు పూసీది ఎవులే? నానేటి?" అంది మగ్దలేనమ్మ. అత్తగారి సణుగుడు ఆగకముందే కృపావతి గునపం, తట్ట పట్టుకుని ఏటికి బయలుదేరింది. క్రిస్మస్ దగ్గర పడుతోంది. గోడలు పూయడానికి ఊళ్లో ఆడవాళ్లంతా తెల్లమట్టి తెచ్చేది ఆ రేవు నుంచే.

వార్డు మెంబరుగా గెలిచింది కృపావతి, దండ పడింది మొగుడు ఫిలిప్పు మెడలో. మీటింగులకు అతనే వెళతాడు. ఆమె పని సంతకం. కాగితం మీద ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడుతుంది. "సదివి నువ్వేటి సేత్తావు?" అని మొదటిసారే అన్నాడు. టెన్త్ పాసైన మనిషి ఆ మాటకు నోరు మూసుకుంది. ఎందుకు మూసుకున్నానా అని ఇప్పటికీ తన మీద తనకే కోపం.

రేవులో గునపంతో పనే పడలేదు. ఒడ్డు చూడ్డానికి రాయే. రాతికుండే చారలు, ఎర్రమచ్చలు అన్నీ ఉన్నాయి. గోటితో గీస్తే పిండిలా రాలుతుంది. వానాకాలంలో ఏరు మలుపు తిరిగి నేరుగా ఈ ఒడ్డునే కొడుతుంది, ఏటా రెండు మూడు మూరలు కోసుకుపోతుంది. పైరేవు అలా కాదు. అక్కడ నల్లరాయి ఏటికి అడ్డంగా పరుచుకుని ఉంది, ఎంత వరదొచ్చినా కదలదు. బట్టలుతుకుతూ, బిందెలు తోముకుంటూ పన్నెండేళ్లుగా చూస్తోంది. దాన్ని చదువని ఎవరంటారు?

మట్టి తీస్తుంటే ఎర్రరంగు పూసిన మేకు కనబడింది. ఏటి మీద కట్టబోయే కొత్త కాలివంతెనకు స్తంభం ఇక్కడే అన్నమాట. పొద్దున గంజి తాగుతూ ఫిలిప్పు చెప్పనే చెప్పాడు. "వంతెన మా తమ్ముడి టెంట్లకాడికి దిగాల. టూరిస్టులు బేగి ఒత్తారు. అడుగునంతా రాయేనని ఇంజినీరుకి సెప్పేసినాను. నువ్వు సంతకం ఎట్టీ." ఆ వంతెన మీదే కూతురు మెర్లిన్ రోజూ బడికి వెళ్లాలి.

అంతలో ఇంజినీరును వెంటబెట్టుకుని ఫిలిప్పు రేవులోకి దిగాడు. కాగితం ఆమె చేతికిచ్చాడు. ఆమె మొదటిసారి చదివింది. స్తంభం కింద గట్టి రాయి ఉన్నట్టు గ్రామస్తుల తరఫున మెంబరు ధ్రువీకరిస్తున్నారట. ఆ గట్టి రాయి ఆమె వేళ్ల సందుల్లో తెల్లగా అంటుకుని ఉంది.

"నాను ఎట్టను. ఇక్కడ అడుగున రాయి నేదు సారూ, మట్టే."

"మట్టి తవ్వుకోడానికొచ్చిన ఆడది సార్, దానికేటి తెలుసు?" ఫిలిప్పు నవ్వాడు. ఇంజినీరు నవ్వలేదు, గడియారం చూసుకున్నాడు.

ఫిలిప్పు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇంటికి రా, సెప్తాను."

ఆ మాటకు అర్థమేమిటో ఆమె వీపుకు తెలుసు. భయమేసింది. ఆ భయంతోనే చీర ఎగదోపుకుని పైరేవు వైపు మోకాలి లోతు నీళ్లలోకి దిగింది.

"సెప్పులిడిసి రండి సారూ," అంది వెనక్కి తిరగకుండా. "రాయెక్కడుందో కాళ్లకి తెలుస్తాది."