నల్లకోటలో ఓటు

సాయిలతకు దయ్యాలతో ఏ పేచీ లేదు. చిక్కంతా సామంతులతోనే వచ్చింది. కామారెడ్డిలో ఇంటి మేడమీది గదిలో, బొమ్మలు గీసే ఆసిమ్‌తో కలిసి ఆమె రెండేళ్లుగా ఒక గేమ్ తయారుచేస్తోంది. బొమ్మలు చూస్తూ, పాత్రల మాటలు చదువుతూ, అక్కడక్కడ మనమే దారి ఎంచుకుంటూ పోయే కథ అది. పేరు 'నల్లకోట'. చచ్చిన రాజుగారి గద్దె, దాని కోసం ఓటేసే ఏడుగురు సామంతులు, వాళ్ల వెనక మనుషుల నీడలు మింగే మంత్రి. చీకటికీ నెత్తురుకూ ఏ లోటూ లేదు.

లోటల్లా ఒక్కటే. ఓటు ఘట్టంలో వెన్నుపోటు ఎవరు పొడుస్తారో ఆడిన ప్రతివాడూ ముందే చెప్పేస్తున్నాడు. సోమవారానికి హైదరాబాద్ పోటీకి పంపాలి. ఎంపికైతే గేమ్ పూర్తిచేయడానికి సాయం దొరుకుతుంది. కాకపోతే గేమ్ మూటగట్టి బడిలో టీచరుగా చేరతానని ఇంట్లో మాటిచ్చేసింది. అది తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చేది.

శుక్రవారం ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కింది. అక్కడ అమ్మమ్మ శాంతవ్వ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కథంతా విన్నది. మాట వినని సామంతుడి నీడను మంత్రి మింగి చంపేసే చోట ఆమెకు నవ్వాగలేదు.

"గీ మంత్రికి బుద్ధి లేదు పిల్లా! సంపితే ఓటు పాయె గదా! మా పాల సంఘం ఎలక్షన్ల హన్మండ్లు ఎంత మంచిగ మేపిండు!"

పన్నెండేళ్ల కిందటి ముచ్చట. సంఘంలో ఏడుగురు డైరెక్టర్లు, అందులో శాంతవ్వతో కలిపి నలుగురు ఆడవాళ్లు. అధ్యక్షుడు కావాలని హన్మండ్లుకు మహా ఆశ. ఓట్లు చేజారకుండా అందర్నీ జీపులెక్కించి, నిజాంసాగర్ దగ్గర గెస్ట్‌హౌస్‌లో నాలుగు రోజులు క్యాంపు పెట్టాడు. పొద్దున చేపలు, సాయంత్రం మటన్. అయితే ఆడ డైరెక్టర్ల పనులన్నీ మొగుళ్లే చక్కబెడతారు కదా! అలవాటు కొద్దీ మహానుభావుడు జీపెక్కించింది కూడా ఆ మొగుళ్లనే.

"మరి ఓటున్న మీరు?"

"ఇంటికాడనే ఉన్నం. పాలు వొయ్యనీకి పోతే క్యాన్ల కాడ మా నలుగురిల ఒకామె, రుక్మాబాయి అన్నది, 'నేను నిలవడుతున్న అక్కా, జర చూడుండ్రి' అని. మమ్ముల ఓటడిగింది గామె ఒక్కతే. నలుగురం చిట్టీలు ఆమెకే ఏసినం, గామెనే గెలిచింది."

"తాతకు తెలుసా?"

"మెల్లగ మాట్లాడు! ఆయన చెప్పిన పేరుకే ఏసిన అనుకుంటడు. మాల ఇంకొకామె మొగుడు లక్ష్మణ్ తన భార్యకు చెప్పి, మిగిలినోళ్లను గూడ తిప్పిండని అనుమానపడి, గప్పటిసంది గాయనతోని మాట లేదు. ఎంత దోస్తులుండిరి!"

సాయిలత అవ్వను గట్టిగా వాటేసుకుంది. "గిది గేమ్ల పెట్టాల్నా అవ్వా?"

"పెట్టుకో. నాకేం భయం?"

రెండు రోజులు తిండీ నిద్రా సరిగ్గా లేవు. కామారెడ్డి నుంచి ఆసిమ్ కొత్త బొమ్మలు పంపుతూనే ఉన్నాడు. ఇప్పుడు మంత్రి సామంతులను కోటలో దాచి విందులు పెడతాడు. ఓటు ముద్రలు మాత్రం ఇంటిదగ్గర వాళ్ల రాణుల కొంగుముడుల్లో ఉంటాయి.

ఆదివారం ఆడి చూసేవాళ్లు కావాలి. "నాకియ్యి" అంటూ తాత రాజన్న వచ్చి కూర్చున్నాడు. సాయిలత అవ్వ వైపు చూసింది. శాంతవ్వ మాత్రం "ఇయ్యి" అంది తాపీగా.

"గీడే దొంగ!" అన్నాడు తాత మొదటి సామంతుణ్ణి చూసి. కాదు. "అయితే గా మీసాలోడు!" వాడూ కాదు. ఏడుగురూ అయిపోయారు. అప్పుడు రాణులు వచ్చి కొంగులు విప్పారు. తాత చెయ్యి అక్కడే ఆగిపోయింది. చాలాసేపు తెర చూశాడు, తర్వాత పెళ్లాన్ని చూశాడు. శాంతవ్వ తలొంచుకోలేదు. ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు.

సాయిలత భయపడుతూనే గేమ్ పంపేసింది.

పది రోజులకు కబురొచ్చింది. ఎంపికైంది! రాణులు కొంగు విప్పుతుంటే నోరెళ్లబెట్టామని రాశారు. ఆసిమ్ మేడంతా గంతులేశాడు. సాయిలత ఆనందం పట్టలేక ఎల్లారెడ్డికి ఫోన్ చేసింది.

"తాతకియ్యి అవ్వా, నేనే చెప్త."

"ఆయనేడున్నడు బిడ్డా! గా దినం సంది రోజూ లక్ష్మణ్ ఇంట్లనే. తిండి గూడ ఆడనే."

"తాత తప్పొప్పుకున్నడా? లక్ష్మణ్ తాత ఏమన్నడు?"

శాంతవ్వ పగలబడి నవ్వింది.

"ఏమంటడు? 'నేను గిన్నేండ్లు నువ్వే తిప్పినవ్ అనుకున్న గదరా' అన్నడట."