నిద్రపోని నారు

కాశమ్మ పట్టు పట్టిందంటే ఉడుం పట్టే. ఇబ్రహీంపట్నంల ఆమె గల్లీ అంతటికీ ఆ సంగతి ఎరుకే, పెనిమిటి బాలేష్‌కు ఇంకింత ఎరుక.

ఈసారి పట్టు నాటు టమాట మీద. చేను ప్లాట్లు చేసే వెంచరోళ్లకు అమ్మిననాడు, అత్త కాలంనాటి టమాట విత్తనం చిన్న గుడ్డల మూటగట్టి తెచ్చుకున్నది. మస్తు పులుపు కాయ, పచ్చిపులుసుల పిసికితే ఇంకో ముద్ద ఎక్కువ తినాలె. అసొంటిది ఏ దుకాన్ల దొర్కదు. ఇప్పుడు మూటల మిగిలింది ఆఖరి చిటికెడు. ఈ యేడు మొలవకపోతే దాని వంశం ఆగినట్టే.

మహేశ్వరం కాడ ఉండే చెల్లె రేణుక, "వానలు పడంగనే నారు తీస్కరా అక్క, నా చెలకల నాటుదాం" అన్నది. మరి నారు పోసేదేడ? కిరాయి ఇంటి సుట్టూ అపార్ట్‌మెంట్లు లేసి ఎండ మొఖమే కనవడ్తలేదు. మిద్దె మీద పెడితే కోతులు ఒక్క మొలకను బతకనియ్యవు.

"ఎండ లేకుంటే ఎండను మనమే చేద్దాం," అన్నది కాశమ్మ. లైట్ల కింద మొక్కలు పెంచుడు ఫోన్ల చూసింది.

"నీకు పిచ్చి లేసింది," అన్నడు బాలేష్.

దుకాన్ల అమ్మే లైటు ధర అడిగితే గుండె ఆగినంత పనాయె. సీదా పాత సామాన్లు కొనే కబాడి దుకాన్‌కు నడిచింది. ఆడ ఏం పడున్నదనుకున్నరు? వాళ్ల చేను గట్టు మీద నిలవెట్టిన లైట్ల వెంచర్ బోర్డు! ప్లాట్లన్నీ అమ్ముడుపోయినంక దాని గతి గిట్లయింది. కాశమ్మ కడుపు మండిపోయింది. "ఓసి నీ! మా భూమిని మింగి ఈడ పండుకున్నవా? లే, నాకు చాకిరి చెయ్యి!" అని బోర్డును తిట్టి, తూకానికి బేరమాడి తెచ్చింది.

లోపలున్న తెల్ల ఎల్ఈడీ బిళ్లలను కత్తితోటి ఊడదీసింది. కిటికీలు బిగించేటోళ్లు పారేసిన అల్యూమినియం రేకుకు వరుసగ అంటించింది. చెక్కకు అంటిస్తే వేడెక్కి జల్దీ మాడిపోతయట. బోరు మోటర్ల వైర్లు కట్టిన చెయ్యి గద బాలేష్‌ది, సణుక్కుంటనే ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది కలిపి, పాత టీవీ డబ్బా అడాప్టర్‌కు తగిలించిండు. ఆఖరి చిటికెడు విత్తనం పోసిన మట్టి తట్టలను బల్ల కింద పెట్టి, వాటి మీదికొచ్చేటట్టు రేకును తాళ్లతో కట్టిన్రు. మొదట ఎత్తుల కడితే మొలకలు సన్నగ సాగి వాలిపోయినై. జానెడు ఎత్తుకు దించి, మొదళ్లకు మట్టి ఎగదోస్తే నిలవడ్డయి. కాశమ్మ ఇల్లంత తిరిగి మురిసింది.

గా మురిపెం ఎన్నాళ్లు? ఆకులు పసుపు పడి ముడుసుకున్నయి. నీళ్లు తగ్గించింది, బూడిద చల్లింది. ఉహూఁ, ఏం లాభం లేదు.

"ఎండ దేవుడిచ్చేది, నువ్వు చేసేది కాదు. పారెయ్," అన్నడు బాలేష్.

"నేను సచ్చినా పారెయ్య!" అని అన్నం తినకుంట కూసున్నది.

ఆ పొద్దుమూకి దీపం పెట్టినంక పక్క పోర్షన్ల ఉండే యమున, గేటు కాడి కరివేపాకు తెంపుకుందామని చెయ్యి సాపింది.

"ఆగు బిడ్డా!" అని వాకిట్లకెంచి అరిసింది కాశమ్మ. "దీపాలు పెట్టినంక చెట్టును ముడ్తరా? పండుకున్నది. పొద్దుగాల తెంపుకో..."

మాట ఆడనే ఆగింది. మెల్లగ ఎన్కకు మర్రి ఇంట్లకు చూసింది. బల్ల కింద లైటు తెల్లగ మండుతనే ఉన్నది. మొలక లేసినప్పటి సంది దాన్ని ఒక్కనాడు కూడ బంద్ చెయ్యలేదు. ఎట్ల చేస్తరు? బోరుకు ఆటో స్టార్టర్ పెట్టి, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు పొలం పారిచ్చిన మనుషులు. కరెంటు ఉండంగ స్విచ్చి ఆపేటోడు రైతే కాదని నమ్మినోళ్లు.

"అయ్యో నా తల్లులారా! మీకు కన్ను మూసే యాళ్లనే ఇయ్యకపోతి గదనే!" అని ఉరికి స్విచ్చి ఆపింది.

ఆనాటి సంది పొద్దుగాల వాకిలి ఊడ్సినంక లైటు వేసుడు, దీపం పెట్టంగనే బంద్. పసుపు పడ్డ ఆకులు రాలినై. సగం మొలకలు సచ్చిపోతే కాశమ్మ ఏడ్సింది. మిగిలినయి మాత్రం నడినెత్తిన కొత్త చిగురు తీసినయి. కొన్నాళ్లకు చూస్తే ఆమె కంటె ముందే పోయి స్విచ్చి ఆపుతున్నడు బాలేష్, ఏం తెల్వనట్టు.

వానలు పడ్డయి. నారు ఒళ్లె పెట్టుకొని బస్సుల మహేశ్వరం పోయిన్రు. నాటుకుంట నాటుకుంట బాలేష్ ఒక ఆకు నలిపి వాసన చూసి, గట్టు మీద కూలబడ్డడు.

"గిది మన చేను వాసనే, కాశమ్మా," అని బోరుమన్నడు. భూమి రిజిస్ట్రీనాడు కంట్ల చుక్క రాని మనిషి.

కాశమ్మ పక్కన కూసోని వీపు నిమిరింది.

మొదటి పండు ఎర్రబడ్డనాడు మళ్ల మహేశ్వరం పోతే, బాలేష్ ఆశగ చెయ్యి సాపిండు. ఆ చెయ్యి మీద ఒక్కటేసింది కాశమ్మ.

"తినేటందుకు కాదది, విత్తనానికి," అని నడుముల చెక్కుకున్న ఆ ఖాళీ మూటగుడ్డను తీసి విప్పింది.