రెండు వాక్యముల నడుమ

శరత్ప్రభాతమున గోదావరీశాఖాతీరకేదారములపై మంచుతెరలు మెల్లమెల్లన వీడుచుండఁగా ప్రార్థనామందిరఘంటానాదము వరికంకుల మీఁదుగాఁ దేలివచ్చి జనుల నారాధనకుఁ బిలుచుచుండెను. ఆ పిలుపునకు జ్ఞానసుందరి గుండె మాత్రము ఝల్లుమనెను.

మద్యోన్మత్తుఁడై తన్ను నడివీధిని విడిచిపోయిన ప్రకాశమునుండి న్యాయస్థానమువలన విడాకులు వడసి దైవాధీనమను విధురుఁడైన దర్జీవానిని రిజిస్ట్రారునెదుటఁ బెండ్లాడి యామె యిప్పుడిప్పుడే కంటినిండ నిదురించుచుండెను. అంతలో నా ప్రకాశము మారుమనస్సు నొంది తిరిగివచ్చి తన భార్యను దన కిప్పింపుఁడని సంఘపెద్దలను వేడుకొనెను. తీర్పగువఱకు నామె ప్రభుభోజనమునకు దూరమై యా సంఘాచారముచొప్పునఁ జెప్పులు విడుచు గడపయొద్దఁ గూర్చుండవలసివచ్చెను. ఒరుల సంసారమునకుఁ గొలతలు తీయుట సులభము. కుట్టిన యంగీ తొడుగవలసినవారు వేఱు గదా.

నాఁడు సంఘకాపరి యోనాతానుగారు గంభీరస్వరమున నిట్లనిరి:

"అమ్మా, మొదటి పెనిమిటి బ్రదికియుండఁగాఁ బరునితోఁ గాపురము పాపమని లేఖనవాక్యము. ప్రకాశమునింటికిఁ బొమ్ము. ప్రభువు బల్లకు నిన్ను మరలఁ జేర్చుకొందుము."

జ్ఞానసుందరి లేచి నిలిచెను. బాల్యమున నాదివారపుబడిలోఁ బోటీకై నేర్చిన కంఠతవాక్య మొక్కటి యామెకు స్ఫురించెను.

"అయ్యగారూ, మఱియొకని చేపట్టిన స్త్రీని మొదటివాఁడు మరల నేలుకొనుట హేయమని మోషే ధర్మశాస్త్రమే చెప్పుచున్నది. ఇచ్చట నున్నను దప్పే, అచ్చటికిఁ బోయినను దప్పే. నే నెక్కడికిఁ బోవలయునో సెలవిండు."

కాపరిగారు పుటలు త్రిప్పి యా వాక్యమును గాంచి గ్రంథమును బెద్దలకుఁ జూపిరి. ఆమె ప్రాణము కొంత కుదుటపడెను. పెద్దలు ప్రక్కగదిలోనికిఁ బోయి చాలసేపు తర్జనభర్జనలు సలిపి వెలికివచ్చి రెండు వాక్యములును సత్యములే గావున నామె యిరువురనుం బాసి యావజ్జీవము నొంటరిగ నుండవలయునని తీర్పు చెప్పిరి. ముందు నుయ్యి వెనుక గొయ్యి యని మొఱపెట్టుకొన్నదానికి రెంటినడుమనే నిలువుమని చోటు చూపిరి. తన నోటిమాటయే తనకు సంకెల యయ్యెనని యామె కుమిలిపోయెను.

పిమ్మటఁ బ్రభుభోజనపు ద్రాక్షారసపాత్ర పురుషుల వరుసలలో సాగి దైవాధీనము చేతికి వచ్చెను. అతఁడు దానిని ముట్టక ప్రక్కవాని కందించి లేచి యందఱు చూచుచుండఁగా నడచివచ్చి గడపయొద్దఁ జెప్పుల నడుమ నామె సరసం గూర్చుండెను.

"ఏల వచ్చితిరి? లోపలికిఁ బొండు" అని యామె కన్నీరుమున్నీరయి బ్రతిమాలెను. ఏ తప్పు నెఱుఁగని వానిని సైతము గడపకు దించితినని యామె గుండె పగులుచుండెను. అయినను బట్టుకొన్న యతని చేతిని మాత్రము విడువలేకపోయెను.