నిండుకున్న ఆలోచన

ఇంట్లో ఆ అమ్మాయిని మబ్బు అనేవారు. పిలిస్తే రెండో పిలుపుకి గాని పలికేది కాదు. వాతావరణ కార్యాలయంలో ఆమె ఉద్యోగం. రోజూ పొద్దున్నే వానసీసాలో నీటిమట్టం చూసి పుస్తకంలో అంకె వేయాలి. అంకె వేశాక కూడా గాజుకి అంటిన తేమని చూస్తూ అలాగే నిలబడిపోయేది. పొగమంచు ఎక్కడ పుడుతుంది, ఎండ రాగానే ఎటు పోతుంది, అదే ఆమె ధ్యాస. పై చదువుకి మూడు చోట్ల దరఖాస్తు పెట్టింది. పొగమంచు మీదే పరిశోధన చేసే మేడమ్ గారు రమ్మని ఉత్తరం రాసిన రోజున మబ్బు కాళ్లు నేల మీద లేవు.

మర్నాడే ఇంకో ఉత్తరం వచ్చింది. అది ఆమె దరఖాస్తు పెట్టిన రెండో చోటి నుంచి, కలప మాస్టారు రాసింది. కోసిన మొద్దులో వలయాలు చూసి ఏ ఏడు ఎంత వాన పడిందో చెప్పగల పెద్దాయన. నీ వాన లెక్కలు నాకు నచ్చాయి, నా దగ్గర ఒక్క చోటే ఉంది, అది నీకే ఇవ్వాలని ఉంది అని సొంత చేతిరాతతో రాశారు.

అంత ఆప్యాయంగా అడిగిన మనిషికి కాదని ఎలా చెప్పడం? మబ్బు వెళ్లి అమ్మమ్మని అడిగింది. అమ్మమ్మ నోట లేదన్న మాట ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు. పంచదార డబ్బా అడుగంటితే నిండుకుంది అనేది, దీపం ఆరిపోతే కొండెక్కింది అనేది. లేదన్న మాట పైనున్నవాడి చెవిన పడితే సరే అలాగే కానిమ్మంటాడని ఆమె భయం.

"మొహం మీద తలుపేసినట్టు రాయకే. వీధి గుమ్మం దాకా సాగనంపినట్టుండాలి" అంది అమ్మమ్మ.

ఇద్దరూ కూర్చుని రాశారు. మీ అభిమానానికి నమస్కారాలు, మీ దగ్గర చేరాలన్న ఆలోచన నాలో నిండుకుంది అని. అమ్మమ్మ రెండుసార్లు చదివించుకుని, ఇప్పుడు బాగుందంది.

వారానికి జవాబొచ్చింది. నీ ఆలోచన అంత నిండుగా ఉన్నందుకు సంతోషం, కిటికీ పక్క బల్ల నీకోసం తుడిపించి ఉంచాను, నీ తర్వాత వరుసలో ఉన్న అమ్మాయికి రేపు వద్దని రాసేస్తాను అన్నారు మాస్టారు.

అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మబ్బుకి మాత్రం నవ్వు రాలేదు. ఎక్కడో ఒక పిల్ల తనలాగే రోజూ తపాలా మనిషి కోసం గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఒకరి మనసు నొప్పించకూడదని అన్న మాట ఇంకొకరి నోటి దగ్గరది లాగేస్తే, దాన్ని మర్యాద అనొచ్చా? అన్ని మాటలూ ఇచ్చిన దేవుడు లేదన్న మాటని మాత్రం ఊరికే ఇచ్చి ఉంటాడా? మనసులోనే ఆయనకో దణ్ణం పెట్టుకుని ఫోన్ అందుకుంది.

అవతల రంపం చప్పుడు ఆగింది.

"మాస్టారూ, నేను మీ దగ్గరికి రావడం లేదండీ. పొగమంచు మేడమ్ గారి దగ్గర చేరుతున్నాను."

"మరి నిండుకుందని రాశావు కదమ్మా?"

"మా ఇంట్లో ఏదన్నా అయిపోతే అలా అంటామండీ. పంచదార అయిపోతే పంచదార నిండుకుందంటాం."

అవతల రంపం కింద పెట్టిన చప్పుడైంది.

"అదా సంగతి. మా ఆవిడ నూనె నిండుకుందన్నప్పుడల్లా, పోన్లే బోలెడుందని ముప్పై ఏళ్లుగా నిశ్చింతగా కూర్చున్నాను" అన్నారాయన. నవ్వు పూర్తయ్యాక, ఆ రెండో అమ్మాయికి ఇప్పుడే రమ్మని రాస్తానన్నారు. ఫోన్ పెట్టేసే ముందు గొంతు కొంచెం తగ్గించారు. "నా చెట్లు వాన తాగిన ఏడు చెబుతాయి గాని, మంచు తాగిన ఏడు చెప్పవమ్మా. నీకు తెలిసిననాడు నాకో ముక్క రాయి."

మబ్బు కిటికీ దగ్గరికి వెళ్లింది. వీధి చివర ఇళ్లు ఒక్కొక్కటే తెల్లగా కరిగిపోతున్నాయి. దీపస్తంభం కరిగింది, సైకిల్ మీద వెళ్లే మనిషి కరిగాడు, గంట చప్పుడు మాత్రం మిగిలింది. ఆ తెలుపులో ఎక్కడో కిటికీ పక్కన తుడిచిన బల్ల, దాని ముందు ఎవరో పిల్ల కూర్చుని ఉన్నట్టు అనిపించింది.

వంటింట్లో డబ్బా మూత తీసిన చప్పుడైంది. అమ్మమ్మ ఏదో అనబోయి ఆగింది. కాసేపటికి మెల్లగా, ఎవరూ వినకూడదన్నట్టు అంది.

"మబ్బూ, పంచదార లేదే."

మబ్బు మొదటి పిలుపుకే పలికింది.