ఇంజను కట్టుకున్న చీర

నేను ఒక పడవ ఇంజన్ని. ఎక్కడో దూరాన ఫ్యాక్టరీలో పోతపోసిన ఇనుముగా పుట్టి, కొన్నాళ్లు ఒక అరటితోటకు నీళ్లు తోడి, చివరికి గోదావరిలో చేపలు పట్టే లోవరాజు పడవలోకి చేరాను. బతుకంతా నీళ్లతోనే గడిచినా నీళ్లను చూసింది లేదు. చెక్కపెట్టెలో నా చోటు. గోదారి ఇవాళ మెత్తగా ఉందో మొండిగా ఉందో, పడవ కింద నీళ్లలో ఫ్యానును తిప్పే షాఫ్టు ఒక్కటే నాకు చెప్పేది.

లోవరాజుకూ అతని భార్య వరాలమ్మకూ ఆ పడవే ఇల్లు. వంటా, నిద్రా, పోట్లాటా అన్నీ నా పక్కనే. మనుషులు చిత్రమైనవాళ్లు. నడిచినన్నాళ్లూ దండాలు గోదారికి, ఆగిన రోజు తిట్లు నాకు.

ఏటా తొలివరద ఎర్రనీరు రాగానే వరాలమ్మ గోదారమ్మకు చీర పెట్టేది. ఆ ఏడు పసుపుచీర. నది నడిమికి వచ్చాక లోవరాజు గేరు తీసి నన్ను ఊరికే తిరగనిచ్చాడు. ఆమె పడవ వెనకనుంచి చీర నీళ్లలో విడిచి దండం పెట్టుకుంది. అతను గేరు వేశాడు. నేను ఠక్కున ఆగిపోయాను.

హ్యాండిలు తిప్పితే లేచాను. గేరు వేస్తే మళ్లీ చచ్చాను. ముందుకు వేసినా అంతే, వెనక్కి వేసినా అంతే. అతను డీజిలు చూశాడు, ఫిల్టరు కడిగాడు, పైపులో గాలి తీశాడు. ఈలోగా పడవ ఆనకట్ట వైపు కొట్టుకుపోతోంది. లంగరు వేస్తే ఇసుకలో జారి జారి పట్టింది. గేట్ల హోరుకు నా ఇనుమంతా వణికింది.

"ముసల్దైపోయిందే ఇది. బతికి బయటపడితే పాత ఇనప సామానోడికి ఏసేత్తాను!"

"ముందు బతుకు, తర్వాత ఏద్దూగాని. గేరు లేనప్పుడు బానే ఆడతంది కద మావా? ఆపి, షాఫ్టు చేత్తో తిప్పి సూడు."

షాఫ్టు కదల్లేదు.

"ఫ్యానుకేదో సుట్టుకుందే. నే దిగుతాను."

"నువ్వు దిగితే నిన్ను లాగే బలం నాకుందా? నన్నైతే నువ్వు లాగుతావు."

నడుముకు తాడు కట్టుకుని, చేపలు కోసే కత్తి పళ్ల మధ్య పెట్టుకుని దిగింది.

నాది పది గుర్రాల బలమట. కదలాలంటే డీజిలు కావాలి, గాలి కావాలి. ఆమె గుండెలో పట్టినంత ఊపిరితో వెళ్లింది. షాఫ్టు మీద ఆమె చెయ్యి పడింది. అంత వరదలో ఎంత కుదురైన చెయ్యి! ఒక్కో మడతా తెగుతుంటే నాకు తెలుస్తూనే ఉంది. పైన లోవరాజు తాడు పట్టుకుని "వరాలూ, ఒసే వరాలూ" అంటున్నాడు, తాడుకు చెవులున్నట్టు. లంగరు మళ్లీ జారింది. అప్పుడే షాఫ్టు వదులైంది.

పైకి లాగితే దగ్గుతూ కూలబడి, చేతిలోని పసుపు పేలిక చూసి నవ్వేసింది.

"అమ్మకెట్టిన సీర మనింజను కట్టేసుకుంది మావా!"

అతను నవ్వలేదు. ఏడుస్తూ గేరు వేశాడు. నేను ఆగలేదు. ఆనకట్టకు వీపు తిప్పి నడిచాను.

ఆ పేలికను ఆమె నాకే కట్టింది. చాలా ఏళ్లకు లోవరాజు అన్నంత పనీ చేశాడు. ఇప్పుడు పాత ఇనప సామాన్ల కొట్టులో ఉన్నాను. కొట్టువాడు నా ఒంటిమీదవన్నీ విప్పుకున్నాడు గాని, మసిబారిన ఆ పేలికను ముట్టలేదు. షాఫ్టు కూడా పోయింది. అయినా తొలివాన పడి ఎక్కడో ఎర్రనీరు కదిలిందనిపించినప్పుడు, లేని షాఫ్టు మీద ఆ చెయ్యి తగులుతూనే ఉంటుంది.