వెంటిలేటర్ తాడు

చిక్కడపల్లిలో వకీలు వెంకటరామయ్యగారి ఇంటిని మ్యూజియం చేశారు గానీ, దానికి రోజూ వచ్చేది మేమే. మేమంటే అశోక్ నగర్ హాస్టళ్లలో ఉడికిపోతూ గ్రూప్ టూకి చదివే జనం. వకీలుగారి కుర్చీ మీదా చేతికర్ర మీదా మాకు ప్రత్యేకంగా ప్రేమేం లేదు. ఆ హాలు చల్లగా ఉంటుంది, అంతే.

ఆ చల్లదనమంతా బీరయ్య తాత చలవే. చిన్నప్పుడు వకీలుగారి దగ్గర పనికి కుదిరిన మనిషి, ఇల్లు మ్యూజియమయ్యాక దానికే కాపలాదారుగా మిగిలాడు. పొద్దున్నే కిటికీలు తెరిచేవాడు, ఎండెక్కగానే మూసేసేవాడు. తర్వాత గోడవార వేలాడే తాడు లాగితే పైకప్పు కింది వెంటిలేటర్లన్నీ తెరుచుకుని వేడంతా బయటికి పోయేది. కింద మేం రాజ్యాంగం ముందు పెట్టుకుని కునుకు తీసేవాళ్లం.

మార్చిలో నోటీసొచ్చింది. రిజిస్టర్‌లో సందర్శకుల సంతకాలు లేకపోతే మ్యూజియం మూసేస్తారట.

"గీ ఇల్లు బందైతే నేనేడికి పోవాలె బిడ్డా? నాకు ఇంకో పని రాదు" అన్నాడు తాత. ఆయన మొహం చూడలేకపోయాను.

"రంధి పెట్టుకోకు తాతా, నేను చూస్కుంట" అన్నాను.

హాస్టల్ హాస్టల్‌కూ తిరిగి, వచ్చినవాళ్లందరి చేతా రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించాను. 'వచ్చిన కారణం' అన్న గడిలో అందరిదీ ఒకటే మాట: వారసత్వంపై ఆసక్తి.

తనిఖీకి జోగారావుగారనే ఆఫీసరు వచ్చారు. రిజిస్టర్ చూసి నమ్మలేక, "ఈ గోడలు దేంతో కట్టారమ్మా?" అని నన్నడిగారు.

"డంగు సున్నం సార్" అన్నాను. రోజూ ఎదురుగా కనపడే బోర్డు, రాకేం? వెనకనుంచి ఎవరో "ఆప్షన్ సి" అని కూడా అందించారు.

"ఎంత ఆసక్తండీ! ఈ పిల్లలకి ఏదైనా చెయ్యాలి" అన్నారాయన. తాత నా తలమీద చెయ్యి పెట్టాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

చేశారు. రెండు నెలలు తాళం వేసి, ఏసీలు పెట్టించారు. కొత్త సీలింగుతో వెంటిలేటర్లు కప్పేశారు. కిటికీలకు తెరవడానికి వీల్లేని అద్దాలు బిగించారు. తాడుకు మాత్రం గొప్ప మర్యాద జరిగింది. దాన్ని కోసి అద్దాల పెట్టెలో పెట్టి, 'పూర్వకాలపు గాలి ఏర్పాటు. ముట్టరాదు' అని చీటీ అంటించారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

మళ్లీ తెరిచిన రోజు, జోగారావుగారి ఉపన్యాసం మధ్యలో కరెంటు పోయింది. పది నిమిషాల్లో హాలు ఇడ్లీ పాత్రయింది. ఆయన మెడలోని శాలువాతోనే మొహం తుడుచుకుంటూ, "అబ్బబ్బ! ఆ రోజుల్లో ఈ కొంపలో ఎలా బతికేవారండీ!" అన్నారు.

తాత అలవాటుగా గోడ దగ్గరికెళ్లి చెయ్యి పైకెత్తాడు. అక్కడ తాడు లేదు. చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉండిపోయింది. తర్వాత దించి, అద్దాల పెట్టె వైపు చూపించాడు.

"గిట్ల బతికిండ్రు సార్."

జోగారావుగారు వంగి, తను రాయించిన చీటీ తనే చదువుకున్నారు. అందరూ బయటికి పరిగెత్తారు. నేను సిగ్గుతో చచ్చిపోతూ తాత దగ్గరికెళ్లాను.

ఆయన రిజిస్టర్ మూసి పక్కన పెట్టాడు.

"రేపు రా బిడ్డా" అన్నాడు. "కరెంటుంటే."