తిప్పేస్వామి, చౌడేశ్వరి

ఓబక్క పదకొండో ఈతచాపను పరిచి, దాని నాలుగు మూలలనూ అరచేతితో అదిమింది. ఆరోగ్య కేంద్రంలో మంచాలు నాలుగే. ఆనాటి కుటుంబ నియంత్రణ శిబిరానికి మంగళవాడ, వల్లూరు వైపు నుంచి వచ్చిన స్త్రీలు పదిహేను మంది. వానలు తప్పిన మూడో సంవత్సరమది. ట్యాంకరు తెచ్చిన నీటిని అండాలో మరిగించి, అందులో గుడ్డలు ఉడికించి, వాటిని ఒక్కొక్కటిగా కర్రతో ఎత్తి ఆమె దండెం మీద ఆరవేసింది. ఆయాగా పదహారేళ్ళ ఉద్యోగంలో ఆమె వేళ్ళ కొనలు మందునీళ్ళకు తెల్లబారి, పొరలు పొరలుగా లేచాయి. ముప్పై ఏడేళ్ళకే నడుము కొద్దిగా ముందుకు వంగింది.

రంగక్క అనే వల్లూరి యువతి సూదిని చూసి ఓబక్క కొంగు పట్టుకుంది.

"నాకు బయమైతాదక్కా. నువ్వూ చేయించుకున్నావా?"

"ఊ."

"నీకెంతమంది పిల్లోల్లు?"

"ఇద్దరు. తిప్పేస్వామి, చౌడేశ్వరి. పిల్లకు ఈ యేడు ఏడో క్లాసు పరీచ్చ ఉండాది. వాడు లెక్కల పీరియడ్ వచ్చినాదంటే శనక్కాయ చేన్లో దాక్కుంటాడు."

"నా మొగుని మాదిరే!" అని రంగక్క నవ్వింది. ఆ నవ్వు ముగియకముందే సూది దిగింది.

ఓబక్కకు పిల్లలు లేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బాలింత తల్లి, గొడ్రాలి చేత బిడ్డకు నీళ్ళు పోయించనని ఆమె చేతుల్లోని పసికందును లాక్కొని పోయింది. ఆ తరువాత అడిగిన పరాయి ఊరి వారందరికీ ఆమె ఇద్దరని చెప్పసాగింది. మొదట సంఖ్య మాత్రమే చెప్పేది. తరువాత పేర్లు వచ్చాయి. ఏటేటా తరగతులు మారాయి. ఒక వేసవిలో చౌడేశ్వరికి తట్టు పోసి తగ్గింది కూడా. ఆసుపత్రిలో ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ ఆమె మాటకు అడ్డు చెప్పేవారు కారు.

క్రిందటి నెల బెంగుళూరు డాక్టరు ఆమె ఎక్స్‌రే చూసి, గర్భనాళాలు రెండూ మూసుకుపోయాయనీ, ఆపరేషనుతో తెరవవచ్చుననీ, ఈ ఏడు దాటితే ఫలితం ఉండదనీ చెప్పాడు. ఆ ఖర్చును ప్రభుత్వం భరిస్తుందా అన్నది ఒక్కటే తేలవలసి ఉంది. భరించకపోతే ఆమె భర్త దాసన్న విత్తనానికి దాచిన వేరుశనగ కాయలు అమ్మాలి. అప్పుడు వాన వచ్చినా విత్తడానికి గింజ ఉండదు.

శిబిరం ముగిసిన పిమ్మట గుమాస్తా ఆంజనప్ప నియమాల పుస్తకం తెరిచాడు. ఇంగ్లీషు వాక్యాన్ని రెండుసార్లు లోలోపల చదువుకొని, కళ్ళద్దాలను నుదుటి మీదికి తోశాడు.

"పిల్లోల్లు వద్దని ఆపరేషన్ చేయించుకుంటే దుడ్డిస్తారు, సెలవిస్తారు. పిల్లోల్లు కావల్లని వైద్యం చేయించుకుంటే ఏమీ ఇయ్యరు. లిస్టులోనే లేదు."

"నాళం తెరిసేది యాడా లేదా సార్?"

"ఉండాదమ్మా. ఆపరేషన్ చేయించుకున్నంక పిల్లోల్లు సచ్చిపోతే, మళ్ళా తెరిపించేదానికి పూరా ఖర్చిస్తారు."

"రెండూ ఒకటే కద సార్?"

"కత్తి ఒకటే. మనం మూసినదైతే తెరుస్తారంట. దేవుడు మూసిందానికి మాకు సంబంధం లేదంటారు."

ఇద్దరూ కొంచెం నవ్వారు. ఆంజనప్ప బీరువాలో నుంచి ఆ ఖర్చుకు పెట్టుకునే ఫారం ఒకటి తీశాడు. అతని తల్లి చివరి నెలల్లో ఓబక్కే ఆమెకు ఒళ్ళు తుడిచింది.

"పాత రిజిస్టర్లో నీ ఆపరేషన్ నేను రాస్తా. నీకు ఇద్దరు పిల్లోల్లని ఇరవై ఊర్లోల్లు సాచ్చెం చెప్తారు. ఈ గడులు మాత్రం నువ్వే నింపల్ల. నేను టీ తాగొస్తా."

పేరు. లింగం. పుట్టిన తేదీ. మరణించిన తేదీ.

ఏడో తరగతి వరకు చదివిన ఓబక్క గుండ్రని అక్షరాలతో నిదానంగా రాసింది. పుట్టిన తేదీల కోసం ఆమె తడుముకోలేదు. నాలుగో గడి దగ్గర కలం ఆగింది. ఏ ఈడున ఏ జబ్బు తీసుకుపోతుందో పదహారేళ్ళుగా చూసిన మనిషి. చేనులో దాక్కున్న పిల్లవాణ్ణి పాము కరవవచ్చు. పిల్లకు తట్టు తగ్గకపోయి ఉండవచ్చు. రెండు తేదీలు చాలు.

వరండాలో నుంచి రంగక్క మత్తు గొంతుతో పిలిచింది.

"అక్కా, బడి ఇడిసే పొద్దాయె. నీ పిల్లోల్లు వచ్చి ఎదురు చూస్తాంటారు. ఇంటికి పో."

ఓబక్క కలానికి మూత పెట్టింది.

"పోతా తల్లీ," అన్నది.

జీతం లేని సెలవుకు వేరొక కాగితం మీద అర్జీ రాసింది. ఎవరికి ఎప్పుడు గంజి పట్టాలో నర్సుకు చెప్పి, మోచేతుల దాకా చేతులు కడుక్కొని బయటికి వచ్చింది. గేటు ముందర దాసన్న కాయల మూటలున్న ఎద్దుల బండితో నిలబడి ఉన్నాడు.

"యా పక్కకు తిప్పల్ల? ఇంటికా, మండీకా?"

"మండీకి."

దాసన్న అలవాటు కొద్దీ ఒకసారి ఆకాశం వైపు చూసి, ఎద్దులను మళ్ళించాడు. ఓబక్క మూటల మీద కూర్చున్నది. కాయలు కొనే ఆ మండీ దగ్గరే బెంగుళూరు బస్సు ఆగుతుంది.

ఆంజనప్ప తిరిగి వచ్చేసరికి బల్ల మీద సెలవు అర్జీ ఉంది. దాని పక్కన, సిరాబుడ్డి కింద, ఆ ఫారం ఉంది: రెండు పేర్లు, రెండు పుట్టిన తేదీలు, వాటి ఎదురుగా ఏమీ రాయని రెండు గడులు.